తలకిందులుగా పరిచాడట

మొన్న శీతాకాలంలో అన్సెల్మ్ బొకె పోయాడు. మా ఊరి పత్రిక ఆయన గురించి నాలుగు వరుసలు వేసింది. మూడు లాంతర్ల నాటకశాలలో తెరలకు బొమ్మలు వేసేవాడట, యుద్ధంలో పనిచేశాడట, అరవై రెండేళ్ళట. నాలుగో వరుస చూడండి: "ఫిరంగుల మీద కప్పే రంగుగుడ్డను తలకిందులుగా పరిచిన ఉదంతంలో అప్పట్లో ఈయన పేరు వినిపించింది." చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పాలగిన్నె పొయ్యి మీదే వదిలేసి పత్రిక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, "పాత సంచికల్లో ఉన్నదే వేశాం మదామ్" అన్నాడు. పాత సంచికలో ఉంటే అబద్ధం నిజమైపోతుందా? పాతబడిన అబద్ధం అవుతుంది, అంతే. ఆ మాటే ఆయన మొహం మీద అనేసి ఇంటికొచ్చాను. పాలు పొంగి పోయాయి. పొయ్యి తుడిచి, కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నేను ఆయనకు చుట్టాన్ని కాను. నా పేరు లియోన్తిన్. అమియాన్ ఊళ్ళో ముఖమల్ మిల్లులో పనిచేసిన దాన్ని. యుద్ధంలో కొన్ని నెలలు ఆయన పక్కన కనుమరుగు షెడ్డులో పనిచేశాను. మా పేటలో చిన్నా పెద్దా ఆయన్ని బొకె బాబాయ్ అనేవారు, నేనూ అలాగే అన్నాను.

ఆయనది సొమ్ నది పాయల మధ్య కూరతోటల కుటుంబం. తండ్రి ఉల్లికాడలూ ముల్లంగీ పడవ నిండా వేసుకొచ్చి శనివారం రేవులో అమ్మేవాడు. కొడుక్కి మట్టి అచ్చిరాలేదు. పన్నెండో ఏట నాటకశాల అటక మీద రంగులగదిలో బ్రష్షులు కడగడానికి చేరాడు, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. కుందేలు తోలు ఉడకబెట్టి జిగురు తీయడం, సుద్ద నూరడం, ఆ జిగురు కంపులోనే రొట్టె తినడం. పెళ్ళయింది. పదేళ్ళకు భార్య దగ్గుతో పోయింది. పిల్లల్లేరు. ఆయన వేసిన అడవుల్లో ఎంతమంది నటులు దారి తప్పారో, ఆయన సముద్రాల్లో ఎంతమంది మునిగారో లెక్కలేదు గానీ, తెర మీద ఒక్కసారి కూడా సంతకం చేసింది లేదు.

నాటకాల తెర వేసే పద్ధతి వేరు. గుడ్డను నేల మీద పరిచి చుట్టూ మేకులు కొడతారు. గుడ్డ చెప్పులు తొడుక్కుని దాని మీదే నడుస్తూ, చీపురుకర్రంత పొడుగు పిడి ఉన్న బ్రష్షుతో నిలబడి వేస్తారు. ఆకాశం వేసేటప్పుడు ఆయన వెనక్కి నడుచుకుంటూ పోయేవాడట. ఒకసారి అలా నడిచి నడిచి మెట్ల మీంచి పడ్డాడు. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. ఏదైనా సరే చుట్టూ ఒకసారి తిరిగి చూడనిదే వదలడు. మా ఇంటికి భోజనానికి వస్తే బల్ల చుట్టూ తిరిగి గానీ కూర్చునేవాడు కాదు. "ఏంటి బాబాయ్, సూపు పారిపోతుందా?" అని మా అమ్మ ఏడిపించేది.

"బొమ్మకి తలెక్కడుందో కాళ్ళెక్కడున్నాయో నాకు తెలీదే లియోన్తిన్," అనేవాడు. "నేను దాని మీద నిలబడతాను. అంతవరకే నాకు తెలుసు."

ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన కొంప ముంచింది ఆ తలా కాళ్ళే.

పంతొమ్మిది వందల పదహారు వసంతంలో ఊరి బయట పాత ఇటుకల బట్టీని సైన్యం తీసుకుంది. ఫిరంగుల మీద కప్పే వలలూ గుడ్డలూ అక్కడ తయారయ్యేవి, కనుమరుగు షెడ్డంటే అదే. శత్రువు విమానం పైనుంచి ఫొటో తీసినా కింద మామూలు నేలే కనబడాలి. వలలకు నారపోచలు కట్టడం, గుడ్డలు కుట్టడం ఆడవాళ్ళ పని. మిల్లుల్లోంచి వందమందిమి వచ్చాం. రంగులు వేయడానికి సైన్యంలోంచి చిత్రకారుల్ని ఏరి తెచ్చారు. నలభై ఏడేళ్ళ బొకె బాబాయ్ కార్పొరల్ పట్టీ కుట్టించుకుని వాళ్ళలో చేరాడు. ఆ పట్టీని రోజుకు పదిసార్లు తడుముకునేవాడు పాపం. జీవితంలో ఆయనకు దొరికిన మొదటి గౌరవం అది.

వీళ్ళందరి మీదా లెఫ్టినెంట్ ద బ్రెసోల్. పారిస్‌లో బంగారు పతకం వచ్చిన చిత్రకారుడు. సొంత బొమ్మల స్టాండు, సొంత గొడుగు, సొంత వంటవాణ్ణి వెంటబెట్టుకుని దిగాడు. మనిషి మర్యాదస్తుడే, ఆడవాళ్ళకు టోపీ తీసి నమస్కారం చేసేవాడు. ఆ మర్యాద చూసే మేమందరం బోల్తా పడ్డాం. ఆయన ముందు స్టాండు మీద చిన్న అట్టకు రంగులు వేసి నమూనా తయారుచేసేవాడు. దాన్ని చూసి మిగతావాళ్ళు ఇరవై గజాల గుడ్డ మీద పెద్దగా వేయాలి. గుండ్లు పడి గుంటలు తేలిన సుద్దనేల ఆయన నమూనా. చూడటానికి అద్భుతం. గుంటలో చెయ్యి పెడితే మునుగుతుందేమో అన్నంత బాగుండేది.

నమూనా వచ్చిన రోజున బాబాయ్ దాన్ని స్టాండు మీంచి తీసి నేల మీద పెట్టి చుట్టూ తిరిగాడు. తిరిగి తిరిగి తల గోక్కున్నాడు. గోడకు అంటించిన ఫొటో ఒకటి తెచ్చి మాకు చూపించాడు. మన విమానం తీసిన ఫొటో. పొలం నిండా గుండ్లు పడిన గుంటలు.

"ఏం కనబడుతోంది?" అన్నాడు.

"గుంటలు," అన్నాం.

ఫొటోను తలకిందులుగా తిప్పాడు. "ఇప్పుడో?"

అమ్మో! గుంటలన్నీ గుట్టలైపోయాయి. చీమల పుట్టల్లా పైకి లేచాయి. మా పక్కన కూర్చునే లూసీ అయితే దండం పెట్టుకుంది.

"ఎండ మనకి దక్షిణాన్నుంచి వస్తుంది. గుంటకి దక్షిణపు గోడ నీడలో ఉంటుంది, ఉత్తరపు గోడకి ఎండ తగుల్తుంది. దాన్ని తిప్పితే కన్ను మోసపోతుంది," అన్నాడు బాబాయ్. "దొరగారు గదిలో కూర్చుని వేస్తారు. వెలుగు పైనుంచి, ఎడంవైపు నుంచి వస్తున్నట్టు వేయడం వాళ్ళ బడిలో నేర్పుతారు. నేల మీద ఎడంవైపు ఏంటి, పైన ఏంటి? ఇది ఎటు పరిస్తే ఏమవుతుందో!"

మాకు ఇట్టే అర్థమైంది. ముఖమల్ మిల్లులో పుట్టి పెరిగినవాళ్ళం. ముఖమల్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. అందుకే గుడ్డ తాను విప్పగానే అంచున సుద్దతో బాణం గీస్తారు. బాణం లేని తాను కత్తిరించే బల్ల మీదికి రాకూడదు. వచ్చి, కోటుకి ఒక చెయ్యి నల్లగా ఒక చెయ్యి తెల్లగా తేలిందనుకోండి, తిట్లు కత్తెర పట్టినదానికి పడవు, బాణం గీయనివాడికి పడతాయి. మా మిల్లుల్లో ఇది ముసలమ్మ దగ్గర్నుంచి నిన్న చేరినదాని దాకా అందరికీ తెలిసిన న్యాయం.

బాబాయ్ లెఫ్టినెంట్ దగ్గరకు వెళ్ళాడు. నేను అక్కడే గుడ్డ అంచు మడుస్తున్నాను, ప్రతి మాటా విన్నాను.

"లెఫ్టినెంట్ గారూ, నీడలు లేకుండా ఉత్త రంగులే వేస్తే ఎటు పరిచినా ఫరవాలేదండీ."

"నీడలు లేకుండానా? అది బొమ్మెలా అవుతుందయ్యా బొకె? గోడకి సున్నం వేసినట్టుంటుంది."

"పోనీ, నీడ వైపు ఎటుండాలో గుర్తు పెట్టిస్తాను. పరిచేది చీకట్లో కదండీ. దీపం వెలిగించనివ్వరు. చేత్తో తడిమితే తెలిసేలా దారంతో కుట్టిస్తే..."

"నీ నాటకాల తెరలకి గుర్తులు కావాలేమో," అని నవ్వాడు. "మంచి బొమ్మ తన సంగతి తనే చెబుతుంది."

ఆయన గదిలోకి పోగానే బాబాయ్ నావైపు తిరిగాడు. "కుట్టెయ్యవే," అన్నాడు. మేము కుట్టేశాం. ప్రతి గుడ్డకూ నాలుగు మూలలా, లావుపాటి ఎర్రదారంతో బాణం. బాణం మొన దక్షిణానికి. మా భాషలో దక్షిణానికీ మధ్యాహ్నానికీ ఒకటే మాట కాబట్టి, "సూర్యుడు భోజనానికొచ్చే వైపు" అని లూసీ పాట కూడా కట్టింది. మే, జూన్ నెలల్లో పదకొండు గుడ్డలు అలా వెళ్ళాయి. ఒక్క ఫిరంగి కూడా దెబ్బతినలేదు. ఆ మాట ఏ పత్రికలో అయినా వచ్చిందా? రాదు. ఏమీ జరక్కపోతే వార్త కాదుగా.

జూలైలో జనరల్ గారు షెడ్డు చూడటానికి వస్తారన్నారు. లెఫ్టినెంట్ గుడ్డలు గోడకు వేలాడదీయించాడు. నేల మీద పరచాల్సిన గుడ్డల్ని గోడకు వేలాడదీయడమేమిటో మీరే చెప్పండి! అప్పుడు చూశాడు మా బాణాల్ని.

"ఏంటివి? చాకలి గుర్తుల్లా?" అన్నాడు. "జనరల్ గారి ముందు ఇలాగేనా? విప్పేయండి."

బాబాయ్ ఆ రోజు ఫిరంగుల దగ్గరికి వెళ్ళాడు, షెడ్డులో లేడు. విప్పింది నేనే. దాచడమెందుకు? కత్తెర నా చేతిలోనే ఉంది. రెండు గుడ్డలకు ఎనిమిది బాణాలు విప్పాను. "జనరల్ వెళ్ళాక మళ్ళీ కుట్టుకుందాం" అనుకున్నాను. ఆ సాయంత్రమే లారీ వచ్చి రెండు గుడ్డల్నీ చుట్టి పట్టుకుపోయింది. నేను పరిగెత్తాను కూడా. లారీ డ్రైవరు నవ్వి చెయ్యూపాడు.

అందులో ఒక గుడ్డ బాబాయ్ చేతికే వచ్చింది. చీకట్లో, నలుగురు మనుషులతో, కోట పొలంలో నాలుగు ఫిరంగుల మీద కప్పాలి. మూలలు తడిమాడు. బాణం లేదు. జేబులో లెఫ్టినెంట్ రాసిచ్చిన కాగితం ఉంది: బొమ్మ పైభాగం ఉత్తరానికి. పైభాగం ఏదో తెలియడానికి, బొమ్మ కింది మూలన సంతకం ఉబ్బెత్తుగా తగిలింది, నూనెరంగుతో మందంగా చేసిన సంతకం. దొరగారు యుద్ధంలో కూడా సంతకం మరిచిపోలేదు! నీడలు ఎటున్నాయో చీకట్లో కనబడదు, కాగితంలో ఎలా ఉందో అలాగే పరిచాడు.

తెల్లవారి చూసుకుంటే గుంటల పొలం మధ్యలో నాలుగు వరసల గుట్టలు. "తిప్పేద్దాం" అని మొత్తుకున్నాడు. పగలు ఆ పొలంలో మనిషి కదలకూడదని ఆజ్ఞ, అక్కడి కాప్టెన్ ఒప్పుకోలేదు. బాబాయ్ కూడా చీకటి పడేదాకా ఫిరంగుల పక్క గోతిలోనే ఉండిపోవాల్సి వచ్చింది. పదింటికి విమానం వచ్చి వెళ్ళింది. రెండింటికి గుండ్లు పడ్డాయి. ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకడు మా పేట కుర్రాడే, ఇరవై ఒక్క ఏళ్ళ ఫిర్మాన్ ఎనోక్.

విచారణ అన్నారు. మన విమానమే ఆ పొద్దున తీసిన ఫొటో బల్ల మీద పెట్టారు. గుట్టలు గుట్టలుగా కనబడుతూనే ఉంది. "గుడ్డ తలకిందులుగా పరచబడింది" అన్నాడు లెఫ్టినెంట్. అంతే. ఆ ఒక్క మాట. కాగితమేది అని బాబాయ్ అడిగాడు. పని కాగానే కాగితాన్ని గుమాస్తాకు తిరిగి ఇచ్చేయాలని నియమం. ఇచ్చేశాడు. గుమాస్తా దగ్గర లేదు. ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి.

"నేల మీద పరిచినదానికి తలకిందులేంటండీ?" అని అడిగాడట బాబాయ్. విచారణ జరిపిన కల్నల్‌కు కోపం వచ్చింది, ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు. నేను సాక్ష్యం చెబుతానని ఆఫీసు గుమ్మంలో మూడు గంటలు నిలబడ్డాను. "ఆడ కూలీల సాక్ష్యాలు అక్కర్లేదు" అని కాపలావాడు చెప్పి పంపాడు. బాబాయ్ భుజం మీది పట్టీని అందరి ముందూ లాగి పీకారు. ఇరవై రోజులు జైలు కొట్లో పెట్టి, తర్వాత రోడ్డుకు రాళ్ళు కొట్టే దళంలోకి తోలారు. అక్కడే విషపు పొగ పీల్చాడు. యుద్ధం అయ్యాక ఒక ఊపిరితిత్తితో ఇంటికొచ్చాడు.

ఇంతవరకూ అయితే పై అధికారులు కిందివాళ్ళ నెత్తిన రుద్దడం ఎక్కడైనా ఉన్నదేలే అని ఊరుకునేదాన్ని. కానీ ఆ మర్యాదస్తుడు ఇంకో పని చేశాడు. చనిపోయిన ముగ్గురి తల్లులకూ మంచి కాగితం మీద, మంచి దస్తూరీతో ఉత్తరాలు రాశాడు. "మీ కుమారుడు శత్రువు నేర్పు వల్ల గాక, అన్సెల్మ్ బొకె అనే పనివాడి అశ్రద్ధ వల్ల మరణించినందుకు చింతిస్తున్నాను." పేరుతో సహా! ఫిర్మాన్ తల్లి జెలీ ఎనోక్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకుని, గోడ అర మీద సిలువ పక్కన పెట్టింది.

ఆమె మాకు మూడిళ్ళ అవతల, మేమూ బాబాయీ ఉన్న కాలవ గట్టునే ఉండేది. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. ముప్పై ఏళ్ళుగా ముఖమల్ కత్తిరించే పని. బాబాయ్ యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఆయన గట్టు మీద కనబడితే వంతెన దాటి అవతలి గట్టున నడిచేది. నాటకశాలవాళ్ళు ఆయన్ని మళ్ళీ తీసుకోలేదు, "జనం ఏమనుకుంటారో" అన్నారు. పడవలకు పేర్లు రాసుకుంటూ బతికాడు. దానికి ఆయన ఏడవలేదు. ఈవిడ వంతెన దాటినప్పుడల్లా మాత్రం రెండు రోజులు తిండి తినేవాడు కాదు.

రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్ళాడు. మొదటిసారి తలుపు మొహం మీద వేసేసింది. రెండోసారి గుడ్డలు ఉతికిన బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. తడిసిన కోటుతో మా ఇంటికి వస్తే మా అమ్మ పొడి చొక్కా ఇచ్చింది.

"ఎందుకు వెళ్ళావు బాబాయ్?" అని కసిరాను.

"ఆవిడకి ఒక మాట చెప్పాలే," అన్నాడు. ఏం మాటో అడిగితే, "నీకు కాదు, ఆవిడకి," అన్నాడు.

నేనూ ఊరుకోలేదు. జెలీ పని నుంచి వచ్చేటప్పుడు దారిలో పట్టుకుని అంతా చెప్పాను. బాణాలు, జనరల్, నా కత్తెర, అన్నీ.

"నువ్వు ఆయన పక్షం," అంది. "మీ ఇంట్లో సూపు తాగుతాడు. ఆ ఉత్తరం ఎవరి పక్షమూ కాదు. కింద దొరగారి సంతకం ఉంది."

"సంతకం ఉంటే సత్యమా అక్కా?"

"నోర్ముయ్. నీ కొడుకు పోయాడా?"

ఆమె నమ్మాలంటే ఆ దొర నోటితోనే రావాలి. అది జరిగే పనా అనుకున్నాను. జరిగింది.

పంతొమ్మిది వందల ఇరవై రెండులో, ముఖమల్ వ్యాపారుల హాలులో బొమ్మల ప్రదర్శన పెట్టారు. "యుద్ధంలో కళాకారులు." లెఫ్టినెంట్ ద బ్రెసోల్ కోటుకు సర్కారువారు ఇచ్చిన గౌరవపు ఎర్ర రిబ్బను పెట్టుకుని ఉపన్యాసానికి వచ్చాడు. చనిపోయినవారి తల్లులకు ముందు వరుసలో కుర్చీలు వేశారు. బాబాయ్‌ని ఎవరూ పిలవలేదు. నేను లూసీని తీసుకుని వెనక నిలబడ్డాను. గోడ మీద చూద్దును కదా, ఆ జూలై గుడ్డకు వేసిన నమూనా! బంగారు చట్రంలో, అద్దం కింద, నిటారుగా వేలాడుతోంది. దాని కింద పేరు కూడా ఉంది: "గాయపడిన నేల."

గాయపడిన నేలట!

ఉపన్యాసం బాగానే చెప్పాడు. ప్రకృతిని చూసి ఎలా నేర్చుకున్నారో, కళ ఎలా ప్రాణాలు కాపాడిందో. చివర్లో "ఎవరైనా ఏమైనా అడగవచ్చు" అన్నాడు. ఇలాంటిచోట ఎవరూ అడగరని వాళ్ళ నమ్మకం. నేను చెయ్యెత్తాను.

"అయ్యా, ఆ బొమ్మలో దక్షిణం ఎటు?"

నవ్వాడు. "మదామ్, బొమ్మకి పైన, కింద ఉంటాయి గానీ దక్షిణం ఎక్కడుంటుంది?"

"మరి దాన్ని పొలంలో పరిచేవాడికి ఎటు పరచాలో ఎలా తెలుస్తుందండీ?"

"బొమ్మని చూస్తే తెలుస్తుంది."

"చీకట్లోనా?"

హాలులో కొంతమంది నవ్వారు. ఆయనకు అది నచ్చలేదు. జనాన్ని తన వైపు తిప్పుకోవాలనుకున్నాడు, మాటకారి కదా. చేతులు చాచి, "అసలు తమాషా వినండి," అన్నాడు. "అక్కడ పనిచేసే ఆడవాళ్ళు నా బొమ్మల మూలల్లో ఎర్రదారంతో బాణాలు కుట్టేశారు! చాకలి గుర్తుల్లాగ! జనరల్ గారు వస్తున్నారంటే దగ్గరుండి విప్పించాను. లేకపోతే ఫ్రాన్సు కళంతా ఇస్త్రీకి పోయేది!"

హాలంతా గొల్లుమంది. పెద్దమనుషులు, వాళ్ళ భార్యలు, టోపీలు ఊగిపోయేలా నవ్వారు.

ముందు వరుసలో ఒక కుర్చీ కిర్రుమంది. జెలీ ఎనోక్ లేచి నిలబడింది. నల్లగౌను, చేతిలో ముడిచిన రుమాలు. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టి పట్టి కుడిచెయ్యి కొంచెం వంకర తిరిగి ఉంటుంది.

"బాణాలు విప్పించింది మీరా?" అంది.

"నేనే మదామ్," అని టోపీ లేకపోయినా తల వంచాడు. తను ఏమన్నాడో ఆ మనిషికి ఇంకా తెలియదు.

"గుర్తు తీయించి గుడ్డ పంపారు."

"అది గుడ్డ కాదు మదామ్, అది..."

"గుర్తు తీయించి పంపారు," అంది మళ్ళీ. హాలులో నవ్వు ఒక్కో వరుసలో ఆగిపోతూ వచ్చింది. మిల్లు పనివాళ్ళు కూర్చున్న వైపు మొదట ఆగింది. "మా బల్ల మీద అలాంటి పని చేసినవాణ్ణి గుమ్మంలోంచే గెంటేస్తారు. మీకు రిబ్బను ఇచ్చారు."

"విచారణలో తేలిందేమిటంటే..." అని ఆయన ఏదో మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వచ్చేసింది. నేను వెంట పరిగెత్తాను. వంతెన దాటలేదు. మా గట్టునే వచ్చి, తన ఇల్లు దాటి, మా ఇల్లు దాటి, బాబాయ్ గుమ్మం ముందు ఆగింది. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక నావైపు చూసింది. నేనే కొట్టాను.

బాబాయ్ తలుపు తీసి ఆమెను చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు, మళ్ళీ నీళ్ళు పోస్తుందనుకున్నాడో ఏమో. ఆమె లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. క్షమించమని అనలేదు. అనాల్సింది ఆమె కాదు కూడా.

"అన్సెల్మ్, నువ్వు ఆ రోజు పొద్దుట్నుంచీ వాళ్ళతోనే ఉన్నావుగా," అంది.

"ఉన్నాను జెలీ."

"నా కొడుకు ఏం చేశాడు?"

బాబాయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, దాని చుట్టూ తిరగకుండానే. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆమె ఆగింది.

"కాఫీ కాచాడు. వాడిదీ నాదీ ఒకే పేట కదాని నాకు ముందు పోశాడు. పేకాటలో కాప్టెన్ గారి బంట్రోతుని ఓడించాడు. తర్వాత బూట్లు విప్పుకుని కాళ్ళు ఎండలో పెట్టుకున్నాడు. నీలం మేజోళ్ళు. 'మా అమ్మ అల్లింది బాబాయ్, మడమ దగ్గర బిగుతుగా ఉందా అని రాయించింది, నేనింకా జవాబు రాయలేదు' అన్నాడు. నేను ముందు ఇంటికెళ్తే నీకు చెప్పమన్నాడు. సరిగ్గా సరిపోయాయట. విప్పి మళ్ళీ అల్లొద్దని చెప్పమన్నాడు."

జెలీ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. తీసి మడత పెట్టింది.

"మొదటిసారి వచ్చింది ఇది చెప్పడానికా?"

"ఊఁ."

"రెండోసారీ?"

"ఇదే."

"నేను నీళ్ళు పోశాను."

"గోరువెచ్చగానే ఉన్నాయిలే," అన్నాడు బాబాయ్.

ఆమె నవ్వలేదు. పళ్ళు బిగించింది. "జవాబు రాలేదు, ఆ మేజోళ్ళు వాడి కాలు కొరికేశాయేమోనని ఆరేళ్ళు ఏడ్చాను. ఆరేళ్ళు! నాలుగిళ్ళ అవతల నువ్వున్నావు. ఆ దొర నా కొడుకుని తీసుకున్నది చాలక, వాడి ఆఖరి మాట కూడా నాకు అందకుండా చేశాడు. మంచి కాగితం మీద రాసి మరీ చేశాడు," అని బల్ల మీద గుద్దింది. గిన్నె దొర్లి కిందపడింది. ఎవరమూ తీయలేదు.

తర్వాత కుర్చీని ఆయనకు దగ్గరగా జరుపుకుంది.

"మళ్ళీ చెప్పు," అంది. "కాఫీ దగ్గర్నుంచి."